స్థలం నుండి లబ్ధిదారుకు: గాజువాక ప్రజారోగ్య పాలనలో మార్పుల చరిత్ర

వ్యాససంగ్రహం

ఉక్కు కర్మాగారం రాకతో పల్లె నుండి పట్టణంగా, పట్టణం నుండి మహానగరంలో భాగంగా మారిన గాజువాకను ఆధారంగా చేసుకొని, ప్రభుత్వ ప్రజారోగ్య వ్యవస్థలో గత నూరేళ్లలో వచ్చిన మార్పులను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. తొలినాటి ప్రజారోగ్య శాఖ బావి, కాలువ, వీధి, తిరునాళ్ల వంటి స్థలాలను తన పరిధిగా భావించింది. తర్వాత వచ్చిన నూతన విధానాలలో చాలా భాగం మనిషిని ఏదో ఒక వర్గానికి చెందిన లబ్ధిదారుగా గుర్తించాయి. ఈ మార్పు వల్ల చికిత్స అందుబాటు పెరిగింది కాని, స్థలం ఆరోగ్యానికి బాధ్యత వహించే అధికారం చెదిరిపోయిందన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.

కీలక పదాలు: గాజువాక, విశాఖపట్నం, ప్రజారోగ్య చట్టం, మలేరియా, ఉక్కు కర్మాగారం, పట్టణ ఆరోగ్య కేంద్రాలు, వార్డు సచివాలయం.

1. ఉపోద్ఘాతం

గాజువాక పేరులోనే నీరు ఉంది. ‘వాక’ అంటే ఏరు, వాగు అని నిఘంటువులు అర్థం చెబుతాయి. ఉత్తరాంధ్ర వాడుకలో చిన్న ఏటిని గెడ్డ అంటారు. మేహాద్రిగెడ్డ మొదలుకొని విశాఖపట్నం చుట్టూ ఉన్న గెడ్డలు కొండల మీద కురిసిన వాననీటిని పల్లానికి మోసుకొస్తాయి. నగరం విస్తరించిన కొద్దీ వీటిలో అనేకం మురుగును మోయసాగాయి. నగరవాసుల నోట గెడ్డ అన్న మాటకు ఇప్పుడు మురుగుకాలువ అన్న అర్థమే ముందు స్ఫురిస్తుంది. ఒక ప్రాంతపు ప్రజారోగ్య చరిత్రకు ఈ అర్థపరిణామం కంటే క్లుప్తమైన సాక్ష్యం దొరకదేమో.

ఈనాటి గాజువాకలో ఒక వీధిని ఊహించుకుందాం. మొదటి ఇంట్లో ఉక్కు కర్మాగారపు ఉద్యోగి ఉంటాడు. జబ్బు చేస్తే అతని కుటుంబం సంస్థ ఆస్పత్రికి వెళ్తుంది. రెండో ఇంటివాడు ఒక ప్రైవేటు కర్మాగారంలో పనివాడు. జీతంలో చందా మినహాయిస్తారు కాబట్టి అతనికి కార్మిక రాజ్య బీమా, అంటే ఈఎస్‌ఐ ఉంది. మూడో ఇంటిలో రేషన్ కార్డు, దానితో పాటు ఆరోగ్యశ్రీ అర్హత ఉన్నాయి. నాలుగో వాటాలో అద్దెకున్న వలస కూలీకి ఇవేవీ లేవు. అతను పట్టణ ఆరోగ్య కేంద్రానికో, జనం ‘పెద్దాసుపత్రి’ అని పిలిచే కింగ్ జార్జ్ ఆస్పత్రికో పోవాలి. నాలుగిళ్ల ముందూ పారే కాలువ మాత్రం ఒకటే. అందులో పుట్టిన దోమ ఎవరి దగ్గర ఏ కార్డు ఉందో చూడదు.

ఆ నలుగురి చికిత్సకు నాలుగు వ్యవస్థలు ఉన్నాయి. ఆ కాలువకు ఎవరున్నారు? ప్రజారోగ్య శాఖల సంస్కరణలను గురించి వచ్చే రచనలు సాధారణంగా కొత్త పథకాలను, కొత్త సాంకేతికతను వరుసగా పేర్కొంటాయి. ఈ వ్యాసం ఆ పద్ధతిని విడిచి, పై ప్రశ్నను పట్టుకొని వెనక్కి వెళ్తుంది.

2. చట్టం చూసిన ఊరు

భారతదేశంలో ప్రభుత్వ ప్రజారోగ్య యంత్రాంగానికి మూలం సైన్యపు అవసరాలలో ఉంది. ఇండియాలోని బ్రిటిష్ సైన్యపు ఆరోగ్యస్థితిపై నియమించిన రాయల్ కమిషన్ 1863లో నివేదిక ఇచ్చింది. ఆ మరుసటి ఏడాది మద్రాసు, బొంబాయి, బెంగాల్ రాష్ట్రాలలో శానిటరీ కమిషన్లు ఏర్పడ్డాయి. సైనికుల బారకాసులను శుభ్రంగా ఉంచాలంటే పక్కనున్న బజారును, బావిని, ఊరిని కూడా చూడక తప్పదని అధికారులకు అర్థమైంది. జనం మీది ప్రేమతో మొదలైన పని కాదిది. అయినా వ్యాధిని రోగి శరీరంలో కాక, అతను నివసించే పరిసరాలలో వెతకాలన్న దృష్టి మాత్రం అప్పటి నుండే పాలనలోకి వచ్చింది.

1919 భారత ప్రభుత్వ చట్టం ప్రవేశపెట్టిన ద్వంద్వ పాలనలో స్థానిక స్వపరిపాలన, వైద్యం, ప్రజారోగ్యం రాష్ట్ర మంత్రుల చేతికి వచ్చాయి. మద్రాసు రాష్ట్రంలో ఆ బాధ్యత జస్టిస్ పార్టీ మంత్రివర్గానిది. 1920ల ఆరంభంలో శానిటరీ కమిషనర్ స్థానంలో ప్రజారోగ్య సంచాలకుడు వచ్చాడు. జిల్లాలకు ఆరోగ్యాధికారులను నియమించే విధానం మొదలైంది. సర్జన్ జనరల్ కింద నడిచే ఆస్పత్రుల శాఖ వేరు, వ్యాధి నివారణ చూసే ప్రజారోగ్య శాఖ వేరు అన్న విభజన స్థిరపడింది.

ఈ విభజనకు విశాఖపట్నంలో ఒక ప్రత్యక్ష రూపం ఉంది. 1923 జులైలో ఇక్కడ వైద్య కళాశాల ప్రారంభమైంది. శ్రీకాళహస్తి ప్రాంతంలో పుట్టిన తెలుగువాడు, అప్పటి మద్రాసు ప్రధానమంత్రి పానగల్ రాజా దాన్ని లాంఛనంగా ప్రారంభించాడు. 1940లో అది ఆంధ్ర వైద్య కళాశాల అయింది. కింగ్ జార్జ్ ఆస్పత్రి దానికి బోధనాసుపత్రి. కొండ మీద పెద్ద భవనాలతో, ప్రఖ్యాత వైద్యులతో చికిత్సా విభాగం జనం కంటికి నిలిచింది. కింద ఊళ్లలో బావుల్లో మందు కలిపే శానిటరీ ఇన్‌స్పెక్టరు, ఇంటింటికీ తిరిగి మశూచి టీకాలు వేసే ఉద్యోగి మరో శాఖకు చెందినవారు. వారి పేర్లు ఏ శిలాఫలకం మీదా లేవు.

ఈ రెండో శాఖకు చట్టబలం చేకూర్చినది 1939 మద్రాసు ప్రజారోగ్య చట్టం. రాజగోపాలాచారి నాయకత్వంలోని కాంగ్రెస్ మంత్రివర్గంలో డాక్టర్ టి.ఎస్.ఎస్. రాజన్ ప్రజారోగ్య మంత్రిగా ఉన్న కాలంలో వచ్చిన ఈ శాసనం, దేశంలో ప్రజారోగ్యానికంతటికీ కలిపి ఒకేచోట రూపొందిన తొలి సమగ్ర చట్టంగా గుర్తింపు పొందింది. దాని అధ్యాయాల క్రమాన్ని చూస్తేనే అప్పటి ఆలోచన తెలుస్తుంది. నీటి సరఫరా, మురుగు పారుదల, మరుగుదొడ్లు, పరిసరాలకు హాని కలిగించే వాటి తొలగింపు, అంటువ్యాధుల నివారణ, మాతాశిశు సంక్షేమం, దోమల నియంత్రణ, ఇళ్ల కట్టడం, సత్రాలు, ఆహార పదార్థాలు, జాతరలు, తిరునాళ్లు అందులోని విషయాలు. స్థానిక సంస్థలు తమ ఆదాయంలో నిర్ణీత భాగాన్ని ప్రజారోగ్యానికి విధిగా కేటాయించాలని కూడా చట్టం చెప్పింది. నిలవ నీటిలో దోమలు పెరగకుండా చూడవలసిన బాధ్యత ఆ స్థలపు యజమానిది లేదా అందులో ఉంటున్నవారిది. వారు చేయకపోతే నోటీసు ఇచ్చి చేయించే అధికారం ఆరోగ్యాధికారికి ఉంది.

చట్టంలో ‘లబ్ధిదారు’ అన్న భావనకు చోటు చాలా తక్కువ. అది పలికేది బావితో, దొడ్డితో, సత్రంతో. అప్పటికి గాజువాక విశాఖపట్నం పురపాలక సంఘానికి వెలుపల, జిల్లా బోర్డు పరిధిలో ఉన్న చిన్న గ్రామం. చట్టం ఆ గ్రామంలో ఎంతవరకు అమలైందన్నది వేరే చర్చ. గ్రామంలోని ప్రతి నీటిచుక్కకూ ఒక బాధ్యుడిని, ఆ బాధ్యుడిపై ఒక అధికారిని చట్టం చూపగలిగిందన్నదే ఇక్కడ ముఖ్యం.

ఈ వ్యవస్థను ఆదర్శంగా చిత్రించడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. ఇళ్లలోకి చొరబడే అధికారం పేదల ఇళ్ల మీదనే ఎక్కువగా ప్రయోగమవుతుంది. 1897 అంటువ్యాధుల చట్టం కింద ప్లేగు కాలంలో జరిగిన బలవంతపు తనిఖీలు జనంలో ఎంత భయాన్ని, ఆగ్రహాన్ని రేపాయో చరిత్రకారులు విస్తారంగా రాశారు. స్థలాన్ని చూసే శాఖ ఆ స్థలంలోని మనిషిని చూడకపోవడం దాని పుట్టుకతో వచ్చిన లోపం.

3. మూడు దోమలు, మూడు నీళ్లు

విశాఖపట్నం ఓడరేవు ఉప్పుటేరు పరిసరాల చిత్తడి నేలను తవ్వి నిర్మించినది. నిర్మాణం బెంగాల్ నాగపూర్ రైల్వే ఆధ్వర్యంలో సాగింది. 1933 అక్టోబరులో తొలి ఓడ ‘జలదుర్గ’ లోపలికి వచ్చింది. డిసెంబరులో వైస్రాయి విల్లింగ్డన్ లాంఛనంగా ప్రారంభించాడు. మలేరియా తన పనివారిని పడగొడుతుందని గ్రహించిన ఆ రైల్వే సంస్థ, రోనాల్డ్ సీనియర్-వైట్ అనే కీటకశాస్త్రజ్ఞుడిని మలేరియా నిపుణుడిగా నియమించుకుంది. జయపురం కొండల్లో మలేరియా వ్యాప్తిపై ఆయన చేసిన పరిశోధన ప్రసిద్ధం. యజమాని తన కార్మికుల కోసం సొంత ఆరోగ్య యంత్రాంగాన్ని పెట్టుకోవడం ఈ ప్రాంతానికి అంత పాత సంగతి. ఓడరేవుకు వచ్చే నౌకల ఆరోగ్య తనిఖీ కేంద్ర ప్రభుత్వపు ఓడరేవు ఆరోగ్యాధికారిది. ఆ విధంగా ఉక్కు రాకముందే గాజువాక పొరుగున ఆరోగ్యపు సరిహద్దులు గీయబడ్డాయి.

స్వాతంత్ర్యానంతరం 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం ప్రారంభమైంది. ఫలితాలు ఆశాజనకంగా కనిపించడంతో 1958లో దాన్ని నిర్మూలన కార్యక్రమంగా మార్చారు. పల్లెల్లో ఇంటి గోడలపై డీడీటీ చల్లడం దీనికి ఆయువుపట్టు. గోడ మీద వాలే దోమ చస్తుంది. ఇంటి గోడ మీద తెల్లని మందు చారలు, తలుపు పక్కన పిచికారి చేసిన తేదీ రాసిన గుర్తు ఒక తరం గ్రామీణ జీవితంలో భాగమయ్యాయి. పట్టణాల సంగతి వేరు. అక్కడ గోడలకు మందు కొట్టడం కంటే దోమ పిల్లలు పెరిగే నీటిని చూడాలి. ఆ పని స్థానిక సంస్థలదని కార్యక్రమం భావించింది. స్థానిక సంస్థలకు అంత సిబ్బంది లేదు. పల్లెల్లో వెనుకంజ వేసిన మలేరియా పట్టణాల నుండి తిరిగి వ్యాపించడం గమనించాక, 1971లో పట్టణ మలేరియా పథకం వచ్చింది. ఆ పథకం కింద పనిచేసిన నగరాలలో విశాఖపట్నం ఒకటి.

దోమల విషయం కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే శాఖల స్వరూపం దీనిపైనే ఆధారపడి ఉంది. పట్టణ మలేరియాను మోసే అనాఫిలిస్ స్టీఫెన్సీ మంచినీటిలో, అంటే బావుల్లో, మూతలేని డాబా తొట్లలో, కట్టడాల దగ్గర నిలవచేసిన నీటిలో పెరుగుతుంది. బోదకాలును మోసే క్యూలెక్స్ మురుగునీటిలో పెరుగుతుంది. డెంగీని మోసే ఏడిస్ ఈజిప్టై ఇంటి చుట్టూ ఉండే కొద్దిపాటి తేట నీటిలో, పూలకుండీ పళ్లెంలో, పాత టైరులో, కొబ్బరి చిప్పలో పెరుగుతుంది. మొదటిదానికి బాధ్యుడు ఇంటి యజమాని లేదా భవన నిర్మాత, రెండోదానికి పురపాలక సంఘం, మూడోదానికి ఇంటి మనిషి లేదా దుకాణదారు. 1939 చట్టానికి ఈ మూడూ ఒకే ఆరోగ్యాధికారి పరిధిలోని నీళ్లు. తర్వాతి కాలపు కార్యక్రమాలకు ఇవి మూడు జబ్బులు. 1955లో మొదలైన జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం వేరుగా నడిచింది. ఆ వ్యాధిక్రిములు రాత్రిపూటే రక్తంలో బయటపడతాయి కాబట్టి దాని సిబ్బంది రాత్రులు ఇళ్లకు వెళ్లి సూదితో వేలి కొస పొడిచి రక్తపు చుక్క తీసుకునేవారు. మలేరియా సిబ్బంది పగలు జ్వరగ్రస్తుల కోసం వచ్చేవారు. కోస్తాలో ఒకే ఇంటి తలుపును రెండు జబ్బుల ఉద్యోగులు రెండు వేళల్లో తట్టిన కాలమది. కాలువ వారిద్దరిలో ఎవరిదీ కాదు.

1973లో కర్తార్ సింగ్ కమిటీ ఈ చీలికను సరిచేయాలని చూసింది. మలేరియా, టీకాలు, కుటుంబ నియంత్రణ అంటూ విడివిడిగా తిరిగే సిబ్బందిని కలిపి బహుళార్థ ఆరోగ్య కార్యకర్తలను తయారుచేయాలన్నది దాని సిఫారసు. భావన మంచిదే. ఆచరణలో ఆ కార్యకర్త సమయాన్ని కుటుంబ నియంత్రణ లక్ష్యాలు ఎక్కువగా కాజేశాయన్న విమర్శ దేశమంతటా వినిపించింది. 1977లో మలేరియా కార్యక్రమం కూడా నిర్మూలన మాటను పక్కనపెట్టి, సవరించిన ప్రణాళికతో నియంత్రణకు దిగివచ్చింది.

4. ఉక్కు, నిర్వాసితులు, కార్డులు

‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అన్న నినాదంతో 1966లో సాగిన ఉద్యమం, ఆ తర్వాత 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన, 1982లో రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ ఏర్పాటు, 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు కర్మాగారాన్ని జాతికి అంకితం చేయడం తెలుగు పాఠకులకు తెలిసిన చరిత్ర. కర్మాగారానికి అరవైకి పైగా గ్రామాల భూములు పోయాయి. నిర్వాసితులు పెదగంట్యాడ, వడ్లపూడి, అగనంపూడి తదితర చోట్ల పునరావాస కాలనీలకు చేరారు. ఉద్యోగానికి అర్హతగా వారికి ఇచ్చిన ‘ఆర్ కార్డు’ ఈ ప్రాంతపు సామాజిక చరిత్రలో ఒక ముఖ్య పత్రం. ఆ కార్డు ఉండీ ఉద్యోగం రానివారి పోరాటం దశాబ్దాల పాటు సాగింది.

ఈ కథను ప్రజారోగ్య కోణంలో చూసినవారు తక్కువ. గ్రామం లేచిపోయినప్పుడు ఇళ్లూ పొలాలూ మాత్రమే పోవు. ఊరబావి, ఊరచెరువు, వాటిని ఎవరు ఎలా వాడుకోవాలన్న కట్టుబాటు, ఆ కట్టుబాటులోని న్యాయంతో పాటు కులపు అన్యాయం, అన్నీ చెదిరిపోతాయి. కాలనీలో కొళాయి, మురుగు కాలువ ఎవరివో మళ్లీ మొదటి నుండి తేల్చుకోవాలి. సంస్థ ప్రణాళికాబద్ధంగా కట్టిన ఉక్కునగరానికి సొంత నీటి సరఫరా, సొంత పారిశుద్ధ్యం, సొంత ఆస్పత్రి అమరాయి. కర్మాగారం కోసం ఏలేరు నుండి కాలువ ద్వారా నీరు వచ్చింది. దాని నిలవకు కణితి వద్ద జలాశయం వెలిసింది. ప్రహరీకి అవతల గాజువాక తనంతట తాను పెరిగింది. అద్దె వాటాలు, దుకాణాలు, లారీల మరమ్మతు షెడ్లతో ఆటోనగర్ ఏర్పడ్డాయి. వాననీరు నిలిచిన పాత టైరు ఏడిస్ దోమకు ఎంత అనువైన చోటో తెలిసినవారికి, లారీల ఊరిలో డెంగీ నివారణ ఎంత కష్టమో చెప్పనక్కరలేదు. 2001 జనగణన నాటికి గాజువాక పురపాలక సంఘంలో రెండున్నర లక్షలకు పైగా జనం ఉన్నారు. అనేక జిల్లా కేంద్రాల కంటే పెద్దది. అంతటి పట్టణానికి తగిన ప్రజారోగ్య యంత్రాంగం దానికి ఎన్నడూ లేదు.

చికిత్స మాత్రం వర్గాల వారీగా వచ్చింది. 1948 చట్టం కింద ఏర్పడిన ఈఎస్‌ఐ సంఘటిత కార్మికుడికి గొప్ప ఆసరా. మల్కాపురంలోని ఈఎస్‌ఐ ఆస్పత్రి ఈ పారిశ్రామిక ప్రాంతపు కార్మికుల కోసమే. నౌకా నిర్మాణ కేంద్రం, చమురు శుద్ధి కర్మాగారం, ఎరువుల కర్మాగారం, జింకు కర్మాగారం ఒక్కొక్కటీ వచ్చిన కొద్దీ ఉద్యోగులకు వేర్వేరు వైద్య సదుపాయాలు సమకూరాయి. కార్మికోద్యమాలు పోరాడి సాధించుకున్న హక్కులివి. వాటిని తక్కువ చేసి మాట్లాడడం తగదు. గొంతు బలంగా ఉన్న వర్గాలన్నీ తమ చికిత్సకు తాము దారి చూసుకున్నాక, ఉమ్మడి కాలువ గురించి అడిగే గొంతు బలహీనపడిందన్న అనుమానం మాత్రం ఈ వ్యాసకర్తకు ఉంది.

గాలి విషయంలో ఇదే మరింత స్పష్టం. పరిసరాలకు హాని కలిగించే వాటిని ప్రజారోగ్య చట్టం ఆరోగ్యాధికారి పనిగా చూసింది. 1974 జల కాలుష్య చట్టం, 1981 వాయు కాలుష్య చట్టాల తర్వాత పొగ, వ్యర్థజలాల బాధ్యత కాలుష్య నియంత్రణ మండలిది అయింది. కార్మికుడి భద్రత కర్మాగారాల తనిఖీ శాఖది. దగ్గుతో వచ్చిన మనిషికి మందివ్వడం వైద్య ఆరోగ్య శాఖకు మిగిలింది. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలోని పారిశ్రామిక ప్రాంతాలను అంచనా కట్టినప్పుడు విశాఖపట్నం తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాలో చేరింది. ఆ అంచనా కట్టినది ఆరోగ్య శాఖ కాదు.

5. మద్రాసు చట్టానికి ఇద్దరు వారసులు

1946లో వెలువడిన భోర్ కమిటీ నివేదిక చికిత్స, నివారణ రెండూ ఒకే వ్యవస్థలో కలిసి నడవాలని కోరింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల భావనకు అదే పునాది. స్వాతంత్ర్యానంతరం అనేక రాష్ట్రాలు వైద్య, ప్రజారోగ్య సేవలను కలిపాయి. కమిటీ ఆశించినది నివారణకు చికిత్స తోడుకావడం. జరిగినది ఎక్కువ చోట్ల ఆస్పత్రి నివారణను మింగడం. తమిళనాడు మాత్రం ప్రత్యేక ప్రజారోగ్య సంచాలక కార్యాలయాన్ని, దానికంటూ శిక్షణ పొందిన అధికారుల శ్రేణిని నిలుపుకుంది. దాని ఫలితాలను అంతర్జాతీయ పరిశోధకులు కూడా ప్రత్యేకంగా అధ్యయనం చేశారు.

ఆంధ్ర కూడా అదే మద్రాసుకు వారసురాలే. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక 1939 చట్టం ‘ఆంధ్ర ప్రాంతం’ అన్న విశేషణంతో అమలులో కొనసాగింది. ప్రజారోగ్య సంచాలక కార్యాలయం పేరు కూడా ఉంది. కాని సంస్కరణల ఉత్సాహమంతా మరో దిశలో సాగింది. 1986లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం వైద్య విధాన పరిషత్తు చట్టాన్ని తెచ్చి, బోధనాసుపత్రులకు, ప్రాథమిక కేంద్రాలకు నడుమనున్న ఆస్పత్రులను స్వయంప్రతిపత్తి గల సంస్థకు అప్పగించింది. 1990ల మధ్యలో ప్రపంచ బ్యాంకు రుణంతో ఆ ఆస్పత్రుల భవనాలు, పరికరాలు మెరుగయ్యాయి. దేశంలో ఇతర రాష్ట్రాలు ఆసక్తితో గమనించిన ప్రయోగమిది. పెద్దాసుపత్రులు వైద్య విద్యా సంచాలకుడి కింద, మధ్యస్థాయి ఆస్పత్రులు పరిషత్తు కింద, మిగిలినవి ప్రజారోగ్య సంచాలకుడి కింద ఉండగా, పట్టణ పారిశుద్ధ్యం మొదటి నుండీ పురపాలక శాఖలోనే ఉండిపోయింది.

6. ఒప్పందాలు, ఫోన్ నంబర్లు, కార్డులు

2000లో రాష్ట్ర ప్రభుత్వం పట్టణ మురికివాడల ఆరోగ్య పథకం కింద 192 పట్టణ ఆరోగ్య కేంద్రాలను నెలకొల్పి, నిర్వహణను స్వచ్ఛంద సంస్థలకు ఒప్పంద పద్ధతిలో అప్పగించింది. ప్రభుత్వం డబ్బు ఇస్తుంది, ప్రమాణాలు నిర్ణయిస్తుంది, పని వేరొకరు చేస్తారు. ఆ తర్వాతి ఇరవై ఏళ్ల నూతన విధానాలలో ఇదే నమూనా పలు రూపాల్లో తిరిగి కనిపిస్తుంది. 2005 ఆగస్టు 15న 108 అంబులెన్సు సేవ హైదరాబాదు కేంద్రంగా ప్రారంభమైంది. ప్రమాదాల రహదారి అయిన గాజువాక జాతీయ రహదారి మీద నివసించేవారికి ఆ మూడంకెల విలువ వేరే చెప్పాలా? 2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైన ఆరోగ్యశ్రీ పేదవాడికి కార్పొరేటు ఆస్పత్రి తలుపు తెరిచింది. 2016లో 222 పట్టణ కేంద్రాలు కంప్యూటర్ రికార్డులతో, దూరవైద్య సదుపాయంతో ప్రైవేటు సంస్థల నిర్వహణలోకి వెళ్లాయి. 2019 తర్వాత వచ్చిన ప్రభుత్వం పట్టణ కేంద్రాలను తిరిగి ప్రభుత్వ నిర్వహణలోకి తెచ్చి సంఖ్యను బాగా పెంచింది. ప్రభుత్వం మారినప్పుడల్లా బోర్డు మీది పేరు కూడా మారింది. రోగులు మాత్రం చాలాచోట్ల ఇప్పటికీ ‘హెల్త్ సెంటర్’ అనే అంటున్నారు.

వీటి మేలును ఎవరూ కాదనలేరు. గుండె శస్త్రచికిత్సకు ఇల్లు అమ్ముకోవలసిన కుటుంబానికి ఆరోగ్యశ్రీ అంటే ఏమిటో గణాంకాలు చెప్పలేవు. అయితే ఇవన్నీ జబ్బు వచ్చిన తర్వాత, లేదా మనిషి కేంద్రానికి నడిచి వచ్చిన తర్వాత మొదలయ్యే సేవలు. వాటి పనితీరును కొలిచే ప్రమాణాలు కూడా అలాంటివే: వచ్చిన కాల్స్, చేసిన శస్త్రచికిత్సలు, చూసిన రోగులు. రాని రోగాన్ని లెక్కపెట్టే గడి ఏ పట్టికలోనూ లేదు. 2004లో మొదలైన సమీకృత వ్యాధి నిఘా ప్రాజెక్టు ఈ లోపాన్ని కొంత పూడ్చడానికి ప్రయత్నించింది. ఆస్పత్రులు, ప్రయోగశాలల నుండి వారం వారం సమాచారం సేకరించి, ఎక్కడ జ్వరాలు పెరుగుతున్నాయో ముందుగా పసిగట్టడం దాని లక్ష్యం. ‘ఎక్కడ’ అన్న ప్రశ్న ఆ విధంగా మళ్లీ శాఖ పుస్తకాల్లోకి వచ్చింది.

2005 నవంబరులో గాజువాక పురపాలక సంఘం, 32 గ్రామాలు కలిసి మహా విశాఖ నగరపాలక సంస్థ ఏర్పడింది. నగరపాలక సంస్థకు ఆరోగ్యాధికారి, పారిశుద్ధ్య విభాగం, మలేరియా విభాగం ఉన్నాయి. సూత్రప్రాయంగా గాజువాక కాలువకు ఆనాటితో ఒక బాధ్యుడు దొరికాడు. అయినా ఉక్కునగరం, ఓడరేవు భూములు, నౌకాదళ ప్రాంతాలు తమ తమ యాజమాన్యాల కిందే ఉన్నాయి. ప్రహరీకి ఇవతల మందు చల్లిన సిబ్బంది అవతలి నిలవ నీటి కోసం మరో సంస్థకు లేఖ రాయాలి. దోమ ఎగిరే దూరం ఆ ఉత్తరం నడిచే దూరం కంటే చాలా తక్కువ.

ఈ నేపథ్యంలో 2020 విచిత్రమైన సంవత్సరం. కోవిడ్ మహమ్మారి వచ్చినప్పుడు ప్రభుత్వాలు వెతికి తీసిన ఆయుధం 1897 నాటి అంటువ్యాధుల చట్టమే. రాత్రికి రాత్రి ‘కంటైన్‌మెంట్ జోన్’ అన్న మాట వాడుకలోకి వచ్చింది. వీధి చివర కర్రలు కట్టారు. ఆ వీధిలో ఎవరి దగ్గర ఏ కార్డుందన్నది అప్రస్తుతమైపోయింది. నూరేళ్లుగా లబ్ధిదారు వైపు నడుస్తున్న వ్యవస్థ ఒక్కసారిగా స్థలం వైపు తిరిగింది. తిరగడంలో పాత వ్యవస్థలోని నిర్బంధం కూడా వెంట వచ్చింది. అదే ఏడాది మే 7 తెల్లవారుజామున నగరానికి మరోవైపున ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ వాయువు లీకై 12 మంది మరణించారు. ఊరి గాలి ఎవరి బాధ్యత అన్న పాత ప్రశ్న ఆ ఉదయం మళ్లీ అందరి ముందుకూ వచ్చింది.

7. పెదగంట్యాడలో పరికరాలు

పునరావాస కాలనీలకు పేరుపడిన పెదగంట్యాడ ప్రాంతంలోనే ఆరోగ్య శాఖ చేపట్టిన మరో నూతన ప్రయోగం ఉంది. వైద్య పరికరాలను దిగుమతి చేసుకోవలసిన అవసరాన్ని తగ్గించేందుకు రాష్ట్ర ప్రభుత్వం 270 ఎకరాల్లో ఆంధ్రప్రదేశ్ మెడ్‌టెక్ జోన్‌ను స్థాపించింది. 2016లో శంకుస్థాపన జరిగింది, 2018 డిసెంబరులో ప్రారంభమైంది. ఆ సందర్భంలోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ వైద్య పరికరాల ప్రపంచ సదస్సు ఇక్కడ జరిగింది. ఉత్పత్తిదారులందరూ ఉమ్మడిగా వాడుకునే పరీక్షా ప్రయోగశాలలను ప్రభుత్వమే సమకూర్చడం దీని ప్రత్యేకత. కోవిడ్ కాలంలో ఇక్కడ వెంటిలేటర్లు, పరీక్షా కిట్లు తయారయ్యాయి. ఆరోగ్య శాఖ పారిశ్రామికవాడను నిర్మించడం 1923 నాటి ప్రజారోగ్య సంచాలకుడికి ఊహకందని సంగతి. దాని విజయాలను పరిశ్రమల చరిత్రకారులు రాస్తారు. ఉక్కు కోసం ఊళ్లు వదిలినవారి కాలనీల పక్కనే ఇది నిలిచిందన్న విషయం మాత్రం ఈ వ్యాసానికి సంబంధించినది.

8. వార్డు గది

2019 అక్టోబరులో రాష్ట్రంలో గ్రామ, వార్డు సచివాలయాలు ఏర్పడ్డాయి. నగరంలోని ప్రతి వార్డు సచివాలయంలో ఇతర ఉద్యోగులతో పాటు ఆరోగ్య కార్యదర్శి, పారిశుద్ధ్య పర్యావరణ కార్యదర్శి ఉంటారు. 1920లలో ఒకే ప్రజారోగ్య శాఖ పనిగా ఉండి, తర్వాత విడిపోయిన రెండు పనులు ఇప్పుడు ఒకే గదిలో, దాదాపు పక్కపక్క బల్లల మీద ఉన్నాయి. జ్వరం ఉన్న ఇల్లు ఏదో మొదటివారికి తెలుస్తుంది. పూడిక తీయని కాలువ ఏదో రెండోవారికి తెలుస్తుంది. ఆ ఇల్లు, ఆ కాలువ ఒకే వీధిలో ఉన్నాయన్న సంగతి ఇద్దరూ మాట్లాడుకుంటే ఇద్దరికీ తెలుస్తుంది. సాయంత్రం ఇద్దరూ తమ తమ వివరాలు పంపుతారు. ఇంటింటి జ్వరాల వివరం వైద్య ఆరోగ్య శాఖకు పోతుంది, గెడ్డ శుభ్రం చేసిన వివరం పురపాలక శాఖకు పోతుంది.